షహ్హాత్ అసలు పేరు

నోటినిండా నీళ్ళు పట్టి, బుగ్గలు బూరెల్లా ఉబ్బించి, షహ్హాత్ ఆ నీళ్ళను తుంపరగా గుడ్డ మీదికి ఊదాడు. చుక్క చుక్కగా పడకూడదు. చుక్కలు పడితే ఉన్ని గుడ్డ మీద మచ్చలు కడతాయి. తుంపర నలుమూలలా సమంగా పడిందని చూసుకుని, తడిగుడ్డ పైన పరిచి, పొయ్యి మీద కాగుతున్న ఇస్త్రీపెట్టెను పొడుగాటి ఇనుప కాడతో ఎత్తి నేలబల్ల మీదికి దింపాడు.

అది కాలితో నడిపే ఇస్త్రీపెట్టె. కైరోలో ఇప్పుడు అలాంటివి వెతికితే గాని దొరకవు. దాని వీపున ఒక చెక్క దిమ్మ ఉంటుంది. ఆ దిమ్మ మీద కుడిపాదం ఆనించి, కుడిచేత్తో కాడ పట్టుకుని, ఎడమకాలి మీద నిలబడి ఒంటి బరువంతా మోపి తోయాలి. ఇన్నేళ్ళుగా తోసి తోసి షహ్హాత్ కుడిపిక్క రోకలిబండలా గట్టిపడింది, ఎడమభుజం కిందికి జారింది. బూలాక్ సందుల్లో అతను నడిచిపోతుంటే ఏదో పారేసుకుని నేల మీద వెతుక్కుంటున్నట్టు ఉంటుంది. కొత్తవాళ్ళు ఆగి, ఏం పోయింది బాబాయ్ అని అడిగిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మేడ పైనుంచి దగ్గు వినబడింది. ఇంటి యజమానురాలు హాజ్జా తఫీదాది. ఫజర్ నమాజు అయ్యాక మొదలయ్యే ఆ దగ్గుతోనే సందుకు తెల్లవారుతుంది. పొడిగా, పాత తలుపు తీసినట్టుండే ఆ దగ్గుకు షహ్హాత్ ఎంతగా అలవాటు పడ్డాడంటే, అది వినబడితే గాని రెండో బట్ట అందుకోడు.

గోడకు కొట్టిన మేకుకు నిన్న సాయంత్రం నుంచి ఒక తెల్లచొక్కా వేలాడుతోంది. షహ్హాత్ పొద్దుటి నుంచి దానివంక చూడకుండానే పని చేస్తున్నాడు. అది హాజ్జా చెల్లెలి కొడుకు షౌకీది. ఆమెకు పిల్లల్లేరు, నా అన్నవాడు వాడొక్కడే. పోయిన శీతాకాలం ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆస్తి వ్యవహారాలన్నింటికీ అధికారపత్రం రాయించుకున్నాడు. నిన్న వచ్చి చొక్కా అందిస్తూ, శనివారం సాయంత్రం ఇల్లు అమ్మకానికి సంతకాలని, కొనేవాడు పాతది పడగొట్టి పద్నాలుగంతస్తులు లేపుతాడని, వాతావరణం సంగతి చెప్పినంత తేలిగ్గా చెప్పాడు.

"కాలరు కత్తిలా నిలబడాలి బాబాయ్. పెద్దమనుషుల ముందు కూర్చోవాలి మరి. నీ సంగతంటావా, ఏదో ఒకటి చూద్దాంలే."

ఏదో ఒకటి అంటే ఏమిటో ఆ వీధిలో అందరికీ తెలుసు. పక్కసందులో ఆరు ఇళ్ళవాళ్ళు ఆ మాట విన్న నెలలోపే మంచాలు, మూకుళ్ళు బండికెత్తుకుని ఊరి చివర ఎడారి పక్కకు పోయారు. ఒక్క కసాయి అబ్బాస్ పెళ్ళాం మాత్రం కదల్లేదు. ఆమె అద్దె కాగితం మీద రిజిస్ట్రారు ఆఫీసు వేసిన తేదీ ముద్ర ఉంది. అమ్మకానికి ముందే ముద్రపడిన అద్దె కాగితాన్ని కొన్నవాడు కూడా తలవంచి ఒప్పుకోవాల్సిందేనట. చుట్టూ ఇళ్ళన్నీ పడగొట్టినా ఆమె గది ఒక్కటీ ఊడని పన్నులా నిలబడి ఉంది.

ఈ సంగతి షహ్హాత్ చెవిన వేసింది భార్య ఇన్షిరాహ్. పిల్లలు లేని ఇల్లు వాళ్ళది. ముందుగదిలో ఇస్త్రీ, వెనకగదిలో కాపురం. వాళ్ళకు చోటంటూ ఉన్నది అదే, అది పోతే ఆమెకు వెళ్ళి తలదాచుకోవడానికి పుట్టిల్లయినా లేదు. ఆ పొద్దున ఆమె పళ్ళెంలో ఉడికిన బక్లాగింజలు, రొట్టె పెట్టి ఇచ్చి, తెల్లచొక్కా వంక గడ్డంతో చూపించింది.

"మనల్ని గెంటేవాడి చొక్కాకి మనవే ఇస్త్రీ చెయ్యాలన్నమాట. బావుందయ్యా వరస."

"చొక్కా ఏం చేసిందే," అన్నాడు షహ్హాత్. తర్వాత మంచం కింది బిస్కెట్ల డబ్బా తీసి, అందులోంచి అద్దె కాగితం, గుర్తింపు కార్డు బయటికి తీశాడు. ఎడమచెయ్యి మళ్ళీ తిమ్మిరెక్కింది. ఈమధ్య తరచూ అలాగే అవుతోంది. కాడ పట్టుకునేది కుడిచేత్తో కదా, నొప్పి ఎడమచేతికెందుకు అని ఇన్షిరాహ్ అంటూనే ఉంది. డాక్టరు దగ్గరికి పొమ్మని పోరుతూనే ఉంది. అతను అలాగేలే అంటూనే ఉన్నాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో మనుషులు ఒకరి వీపు మీద ఒకరు ఊపిరి వదులుతూ నిలబడి ఉన్నారు. గురువారం. శుక్ర, శనివారాలు సెలవు. అందుకే అంత జనం. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా అమ్మాయి కార్డులన్నీ కట్టగా తీసుకుని, ఒక్కొక్కటీ చూసి పేరు పిలుస్తోంది. షహ్హాత్ గోడకు చేరగిలబడి, కాగితం నలగకుండా రెండు అరచేతుల మధ్య పట్టుకున్నాడు. అద్దెకున్నవాడు ఒక్కడే వచ్చినా ముద్ర వేస్తారని, ఇంటివాళ్ళు రానక్కర్లేదని వరసలో ఎవరో చెబితే ప్రాణం లేచొచ్చింది.

"సుల్తాన్ అబ్దుల్ గఫ్ఫార్," అని పిలిచింది అమ్మాయి.

అందరితోపాటు షహ్హాత్ కూడా ఎవరా సుల్తాన్ అని తల తిప్పి చూశాడు.

"సుల్తాన్ అబ్దుల్ గఫ్ఫార్."

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ పేరు తనది. తనకు ముందు పుట్టిన ముగ్గురు మగపిల్లలూ ఏడాది నిండకుండానే పోయారు. నాలుగోవాడు పుట్టగానే తండ్రి గొప్పగా సుల్తాన్ అని రాయించి వచ్చాడు. ఆ రాత్రే తల్లి బిడ్డను పాతగోనెలో చుట్టుకుని ఏడిళ్ళ గుమ్మాలు తొక్కి రొట్టెముక్క, ఉప్పుకల్లు అడుక్కుని, ఇకనుంచి వీడు షహ్హాత్, బిచ్చగాడు అని అందరికీ వినబడేలా చెప్పింది. సుల్తానులకోసం వచ్చే మృత్యువు బిచ్చగాడి గుమ్మం ముందు ఆగదని ఆమె నమ్మకం. పిల్లాడు పెద్దయ్యాక కూడా చెవిలో ఒకటే మాట: ఆ పేరు పెట్టి ఎవరు పిలిచినా పలక్కురా, రెండుసార్లు పిలిచేది మనుషులు, మూడోసారి పిలిచేది మనిషి కాదు. ఒక్కడే కొడుకని సైన్యం కూడా అతన్ని పిలవలేదు. రేషను దుకాణంలో పేరు పిలవాల్సినప్పుడు ఇన్షిరాహే వెళ్ళింది. అరవై దాటేదాకా ఆ పేరు కార్డు మీద పడుకునే ఉంది.

"సుల్తాన్ అబ్దుల్ గఫ్ఫార్," అని మూడోసారి విసుగ్గా పిలిచింది అమ్మాయి. కార్డు ఎత్తి చూపించింది. "ఈ ఫోటోలో ఉన్నది నువ్వే కదా బాబాయ్? చెవులు ఇంటి దగ్గర పెట్టొచ్చావా?"

ఊరుకుంటే వరస దాటిపోతుంది. శనివారం వచ్చేస్తుంది. గోడ వదిలి ఒక అడుగు ముందుకేశాడు.

"నేనే," అన్నాడు.

ఆ మాట అన్నాక ఏమీ జరగలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉంది, ఎవరో చంటిపిల్ల ఏడుస్తూనే ఉంది. అయినా తలుపు మూయకుండా బయటికొచ్చేసిన మనిషిలా అతని మనసు వెనక్కి లాగింది. అమ్మాయి కాగితం చదివి కనుబొమలు ముడిచింది. అద్దెకున్నవాడి పేరు షహ్హాత్ అని ఉందని, ఆ షహ్హాత్ ఎవరని అడిగింది. నేనే అన్నాడు. మరి సుల్తాన్ ఎవరంది. అదీ నేనేనంటారన్నాడు.

"మధ్యాహ్నం దాకా సుల్తానూ, మధ్యాహ్నం నించి బిచ్చగాడూ," అన్నాడు వెనకనుంచి ఒక డ్రైవరు. "మనందరి బతుకూ అదే కదమ్మా, రాసెయ్యి."

హాలంతా నవ్వింది. అమ్మాయి కూడా నవ్వి, చెడ్డదేం కాదు గనక మెల్లగా నచ్చజెప్పింది. కార్డు మీద ఉన్న పేరే కాగితం మీద ఉండాలి. మళ్ళీ రాయించి, ఇంటామెతో మళ్ళీ ముద్ర వేయించి, మధ్యాహ్నం జుహర్ నమాజుకు ఫీజు కిటికీ మూసేలోపు తెస్తే ఇవాళే పనైపోతుంది.

తప్పెవరిదని అనుకోవాలి? ఆ కాగితం రాయించింది హాజ్జా. రాసింది ఆమె మొగుడి స్నేహితుడెవరో. షహ్హాత్‌కు చదువు రాదు. ఆ సందులో కార్డు చూసి పేరు రాయడమంటే ఎదుటివాణ్ణి దొంగను చేసినట్టే. ఎరిగున్న మనిషిని నీ పేరేంటని ఎవరడుగుతారు?

ఆఫీసు బయట ఫికస్ చెట్టు కింద మడతబల్ల వేసుకుని అర్జీలు రాసే లబీబ్ ఉస్తాద్ ఉన్నాడు. మెళ్ళో తాడుకు వేలాడే కళ్ళద్దాలు, జేబులో మూడు కలాలు, చల్లారిన టీ. మధ్యలో చదువు వదిలేసిన లాయరని కొందరు, కోర్టే వదిలేసిన లాయరని కొందరు అంటారు. పాత కాగితం చూసి మొదలుపెట్టి, గడువు దగ్గర ఆగాడు.

"యాభై తొమ్మిదేళ్ళకి అద్దెకు తీసుకున్నావు. మొత్తం ఉండిపోదామనే?"

"ఊళ్ళో అందరూ అంతే రాయించుకుంటారు కదా ఉస్తాద్."

"రాయించుకుంటారు. అంతవరకూ ఉన్నవాణ్ణి మాత్రం ఇంకా చూళ్ళేదు. పేరు చెప్పు."

షహ్హాత్ గొణిగాడు. లబీబ్‌కు వినబడలేదు. మళ్ళీ చెప్పించుకుని రాశాడు. రాశాక, చదువు రానివాడికి వినిపించడం తన ధర్మమని, మొదటినుంచి చివరిదాకా గొంతెత్తి చదివాడు. ప్రతి నాలుగు మాటలకీ సుల్తాన్ అబ్దుల్ గఫ్ఫార్ అనే పేరు ఆ పేవ్‌మెంటు మీద మోగింది. చదివినంతసేపూ షహ్హాత్ రోడ్డు వంక చూస్తూ, ఎవరైనా ఆగి వింటున్నారేమోనని భయపడ్డాడు.

సందుకు తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తికి వస్తోంది. నాలుగు అంతస్తులు ఎక్కే ఓపిక లేక, కింద నిలబడి హాజ్జాను కేకేశాడు. ఆమె బుట్ట దింపింది. రొట్టెలు, మందులు, ఇస్త్రీ బట్టలు, సందు కబుర్లు అన్నీ ఆ తాటాకు బుట్టలోనే తాడు మీద ఎక్కి దిగుతాయి. కాగితం అందులో వేశాడు. ఆమెకూ చదువు రాదు, కానీ దేనిమీద ముద్ర వేస్తోందో తెలియకుండా వేసే మనిషి కాదు.

"పాతదానికేం వచ్చిందిరా?"

చెప్పక తప్పలేదు. నాలుగంతస్తుల పైకి వినబడేలా చెప్పాలి. "పేరు తప్పట హాజ్జా. ఇందులో నా అసలు పేరు రాయించాను. సుల్తాన్."

ఎదురుగా రొట్టెలబండి అతను తలెత్తాడు. కిటికీల్లో రెండు మొహాలు కనబడ్డాయి. హాజ్జా పైనుంచి తొంగిచూసింది. ఆమె అతని తల్లిని ఎరుగును.

"మీ అమ్మే ఉంటే నీ నోరు నొక్కేసేది," అంది. దగ్గు తెర వచ్చి ఆమె మాట మింగేసింది.

ఇదంతా లేకుండా ఆ అధికారపత్రమే రద్దు చేస్తే పోదా అని ఇన్షిరాహ్ ఒకసారి ఆమెను అడిగింది. రద్దు చేస్తే రేపు మంచాన పడితే నాకు గుక్కెడు నీళ్ళెవరు పోస్తారే, అని హాజ్జా ఎదురడిగింది. నేను పోస్తానని ఇన్షిరాహ్ అంటే ఆమె నమ్మేటట్టు లేదు. ఇల్లు వాడి చేతిలో పెట్టేసినా, అద్దె కాగితం మీద ముద్ర మాత్రం తన ఇష్టం. మెళ్ళో నల్లదారానికి కట్టుకున్న ఇత్తడి ముద్ర తీసి, సిరాలో అద్ది, ఆమె కాగితం మీద ఒత్తింది. బుట్ట మళ్ళీ దిగింది. అందులో ఊదారంగు ముద్రతో కాగితం, పక్కన సిరా డబ్బా. షహ్హాత్ గుమ్మం మీద కాగితం పరిచి, బొటనవేలు సిరాలో పొర్లించి, ఆమె ముద్ర పక్కన గట్టిగా నొక్కాడు. ఇస్త్రీపెట్టె నొక్కినంత శ్రద్ధగా నొక్కాడు. వేలు ఎంత రాసినా ఆ రంగు వదల్లేదు.

అతను బస్సులో మళ్ళీ ఆఫీసుకు వెళ్తుంటే వంతెన మీద బళ్ళు నిలిచిపోయాయి. దిగి నడిచాడు. మెట్లెక్కుతుంటే మసీదులో పిలుపు అయిపోతోంది. ఫీజు కిటికీ మూసి ఉంది. అమ్మాయి కాగితం చూసి, అంతా సరిగ్గా ఉందని, కానీ డబ్బు కట్టించుకునే మనిషి లెక్క మూసి పోయాడని, తన చేతిలో ఏమీ లేదని నిజంగానే నొచ్చుకుంటూ చెప్పింది. ఆదివారం పొద్దున్నే రమ్మంది.

లబీబ్ బల్ల మడుస్తున్నాడు. షహ్హాత్ మొహం చూసి మళ్ళీ తెరిచాడు. శనివారం సాయంత్రం అమ్మకమని విని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. అమ్మకం రోజు దాటాక ఆదివారం ముద్ర వేయించినా కొన్నవాడు దాన్ని లెక్కచేయక్కర్లేదని చెప్పాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కానీ తెలిసింది చెప్పకుండా ఉండలేని జబ్బు ఆయనది.

"చట్టంలో తేదీ స్థిరపడ్డానికి దారులు మూడు. ఒకటి ఈ ఆఫీసు ముద్ర. రెండోది, ఇంకో సర్కారు కాగితంలో దీని మాట రావడం. ఆ రెండూ శనివారం లోపల అవవు." కలానికి మూత పెట్టాడు. "మూడోది మనం చేసేది కాదు. దీనిమీద ముద్ర గానీ వేలు గానీ వేసినవాళ్ళలో ఎవరైనా పోతే, పోయిన రోజే దీని తేదీ. పోయినవాళ్ళు లేచొచ్చి దొంగతేదీ వెయ్యలేరు గదా. ఆ ఇంటామె పెద్దావిడేనా?"

షహ్హాత్‌కు చెంపమీద కొట్టినట్టయింది. "దేవుడు ఆమెకి నూరేళ్ళివ్వాలి," అన్నాడు.

"ఆమీన్. నేను చట్టం చెప్పానయ్యా, కోరుకోమనలేదు."

ఇంటికొచ్చాడు. పొయ్యి వెలిగించాడు. పేరుకుపోయిన బట్టలు ఒక్కొక్కటీ తీసి తోయడం మొదలుపెట్టాడు. ఇన్షిరాహ్ అడిగితే ఆదివారం రమ్మన్నారని మాత్రం చెప్పాడు. మూడో దారి సంగతి చెప్పలేదు. ఆమె అటు తిరిగి కొంగుతో మొహం తుడుచుకుని, రేపటికి రొట్టెలు కాల్పించుకొస్తానని బట్టీకి వెళ్ళింది.

చెవులు మాత్రం అతని మాట వినడం మానేశాయి. పైనుంచి దగ్గు వచ్చినప్పుడల్లా కాలు ఆగిపోయింది. ఈ దగ్గు పొద్దుటి దగ్గులాగే ఉందా, నీరసంగా ఉందా? తెర తెరకీ మధ్య ఎంత సేపు? ఆ లెక్క తను కడుతున్నాడని తెలిసొచ్చినప్పుడు షహ్హాత్ తన మీద తానే ఉమ్మేసుకోవాలన్నంత రోసిపోయాడు. పెళ్ళయిన కొత్తలో డాబా మీద రేకుల గదిలో వానకు తడుస్తుంటే కింద ఈ గదులిచ్చింది ఆమె. కడుపు నిలవక ఇన్షిరాహ్ మంచం పట్టినప్పుడు నెలరోజులు పావురం చారు బుట్టలో దింపింది ఆమె. ఊరంతా అద్దెలు పెంచినా, బిచ్చగాడి దగ్గర నేనేం అడుక్కుంటానని నవ్వేసింది ఆమె. అలాంటి మనిషి ఊపిరి మీద తను చెవి వేసి కూర్చున్నాడు. అల్లా క్షమించు, అని పైకే అన్నాడు. అంటూనే మళ్ళీ విన్నాడు.

పొద్దు వాలింది. మగ్‌రిబ్ పిలుపు వేళకు రోజూ బుట్ట దిగుతుంది, పాత పత్రికలో చుట్టిన చెత్త, ఖాళీ సోంపుటీ గ్లాసు తీసుకుని. ఇవాళ బుట్ట దిగలేదు. చివరి దగ్గు ఎప్పుడు విన్నాడో గుర్తుచేసుకోబోయాడు. బాగా సేపైంది. గుమ్మంలోకి వచ్చి పైకి చూశాడు. బుట్ట రెండో అంతస్తు దగ్గర గాలిలో ఆగిపోయి ఉంది, తాడు కదలడం లేదు. హాజ్జా అని పిలిచాడు. పలుకు లేదు.

ఇస్త్రీపెట్టె పొయ్యి మీదే వదిలేసి అతను మెట్లెక్కాడు. ఏళ్ళ తర్వాత ఆ మెట్లు ఎక్కడం. మొదటి మలుపులో ఊపిరి అందలేదు. రెండో మలుపులో ఎడమచెయ్యి భుజం దాకా బరువెక్కింది. అతనిలో ఇద్దరు మనుషులు ఎక్కుతున్నారు. ఒకడు ఆమె బతికుండాలని ఏడుస్తున్నాడు. రెండోవాడు జేబులో కాగితాన్ని తడిమి చూసుకుంటున్నాడు. ఆ రెండోవాడు తనేనని తెలిసే షహ్హాత్ ఇంకా వేగంగా ఎక్కాడు.

తలుపు ఓరగా ఉంది. లోపల దీపం లేదు. కిటికీ ముందు కుర్చీలో హాజ్జా తల పక్కకు వాల్చి ఉంది. ఒళ్ళో తాడు కొస. షహ్హాత్ గడప దగ్గరే నిలబడిపోయాడు.

"ఎవరది?" అంది ఆమె కళ్ళు తెరవకుండా. "బిచ్చగాడా, సుల్తానా?"

అతను గోడ పట్టుకుని నేల మీదికి జారి కూర్చున్నాడు. నవ్వో ఏడుపో తెలియకుండా వచ్చింది. షౌకీ కొత్తమందు తెచ్చాడట, దగ్గు కట్టేసి మత్తు కమ్మేసిందట, తాడు చేతిలో ఉండగానే కునుకు పట్టిందట. ఎవడైనా పెద్దదానికి అలాంటి మందు పోస్తాడా అని తిట్టి, అతని ఆయాసం విని తిట్టడం ఆపింది.

"నీ పనైందట్రా?"

రాత్రి ఆమె నిద్రపోవాలి. తన వల్ల ఒక ముసలిప్రాణం కలతపడకూడదు. ఇవాళ దానికి చేసిన అన్యాయం చాలు.

"అయింది హాజ్జా. నీ ముద్ర చూసి లేచి నిలబడ్డారు."

"అబద్ధాలకోరా," అంది ఆమె తృప్తిగా. అతను ఆమె చెయ్యి ముద్దుపెట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. తాడు లాగి బుట్ట పైకి తెచ్చి, దీపం వెలిగించి, తలుపు దగ్గరగా వేసి దిగాడు. మెట్టు మెట్టుకీ ఆగి దిగాడు. అయినా ఒళ్ళు తేలికైంది, రోజంతా మోసిన పాడుబరువు పైనే వదిలేసి వచ్చినట్టుంది.

కింద తెల్లచొక్కా ఒక్కటే మిగిలింది. ఒప్పుకున్న పని. మేకు నుంచి దించి బల్ల మీద పరిచాడు. నీళ్ళు నోట్లో పట్టి ఊదబోతే ఊపిరి చాలలేదు. రెండోసారికి ఊదాడు. వెన్ను, చేతులు, గుండీల పట్టీ అన్నీ తీర్చిదిద్ది, ఆఖరున కాలరు వేలితో సర్ది తోశాడు. కత్తిలా నిలబడింది. చొక్కా మళ్ళీ మేకుకు తగిలించి, ఇస్త్రీపెట్టెను పొయ్యి మీదనుంచి తీసి రాతిపలక మీద పెట్టి, మంట ఆర్పి, గోడకు ఆనుకుని చెక్కపీట మీద కూర్చున్నాడు. ఇన్షిరాహ్ వేడిరొట్టెలు నెత్తిన పెట్టుకుని వచ్చేసరికి అలాగే కూర్చుని ఉన్నాడు. కాళ్ళు రెండూ సమంగా నేల మీద ఆనించి ఉన్నాయి. అతను అలా నిలకడగా ఉండడం ఆమె ఎప్పుడూ చూళ్ళేదు. అందుకే పిలవకుండానే ఆమెకు తెలిసిపోయింది.

మర్నాడు శుక్రవారం ఆరోగ్యశాఖ డాక్టరు వచ్చి, కార్డు చూసి మరణపత్రం రాశాడు. జుహర్ నమాజు తర్వాత మసీదు మైకులో సుల్తాన్ అబ్దుల్ గఫ్ఫార్ జనాజా అని చెబితే సందులో సగంమంది ఎవరా సుల్తాన్ అని ఒకరినొకరు అడిగారు. పైనుంచి హాజ్జా తఫీదా దగ్గు అందరికీ వినబడింది. తర్వాత ఆమె ఏడవడం కూడా వినబడింది. శనివారం సాయంత్రం ఇంటి అమ్మకం అనుకున్న వేళకే జరిగిపోయింది.

ఆదివారం పొద్దున ఇన్షిరాహ్ నల్లబట్టల్లో ఫికస్ చెట్టు కిందికి వచ్చింది. కొన్నవాడి మనుషులు గది కొలతలు వేసుకుపోయారు. ముద్రకు ఆయన ఇవాళ రావాలన్నాడు, రాలేడు గనక నేనొచ్చాను అని చెప్పి, కాగితం, మరణపత్రం లబీబ్ ముందు పెట్టింది. లబీబ్ ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదివాడు. రెండింటి మీదా ఒకే పేరు. ఒకదాని మీద ఊదారంగు వేలిముద్ర, రెండోదాని మీద పోయిన రోజుగా గురువారం తేదీ. కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడిచాడు.

"దీనికింక ఆఫీసు ముద్రతో పన్లేదమ్మా," అన్నాడు. "మీ ఆయనే వేసిపోయాడు. అమ్మకానికి రెండ్రోజుల ముందే. ఆ గడువంతా ఆయన తర్వాత భార్యదే, మిమ్మల్నింక ఎవరూ కదపలేరు."

ఆమెకు అర్థమయ్యేదాకా మళ్ళీ చెప్పాడు. అర్థమయ్యాక ఆమె మడతబల్ల మీద తల వాల్చేసింది. ఆ గది ఇంత ఖరీదని తెలిస్తే నేను అడిగేదాన్ని కాదు కదయ్యా, అంటూ ఏడ్చింది.

ఇంటికొచ్చి తాళం తీసింది. ఇస్త్రీపెట్టె రాతిపలక మీద చల్లగా ఉంది. శనివారం పొద్దున చొక్కా కోసం వచ్చిన షౌకీ మేకు దాకా చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, ఖాళీ చేతులతో వెళ్ళిపోయాడు. ఆ తెల్లచొక్కా ఇంకా అక్కడే వేలాడుతోంది, ఎక్కడా ఒక్క ముడత లేకుండా, కత్తిలా నిలబడిన కాలరు అంచున ఊదారంగు బొటనవేలి ముద్రతో.